జాతి అనే గడి దగ్గర

మే నెల. గుంటూరు మిర్చియార్డుకి సెలవులు.
గుమాస్తాకి లేవు.
పాత బాకీల చిట్టా తిరగరాస్తూ కొట్లో నేనొక్కదాన్నే.
ఫ్యాను వేస్తే ఘాటు లేస్తుంది, ఆపితే ఊపిరాడదు.
అట్లా తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ
తూకం చీటీల వెనకవైపు
ఒక ఎడారిని రాశాను, ఆడుకోవడానికి.

పేరు మండ్రేవు.
ఒకప్పుడు నిజంగానే రేవు. సముద్రం అలిగి వెళ్లిపోయింది.
మిగిలినవి నాలుగు జాతులు.

గవ్వలోళ్లు.
సముద్రాన్ని చూసినవాడు వాళ్లలో ఒక్కడూ బతికిలేడు.
అయినా పొద్దున్నే ఇసకలో వల విసురుతారు.
ఏమీ పడదు.
పడనిదాన్ని వాటాలేసుకుంటారు,
వాటాల దగ్గర తగువులు కూడా పడతారు.

నీడగాళ్లు నీడని గజాల లెక్కన అమ్ముతారు.
మిట్టమధ్యాహ్నం బికార్లు, పొద్దువాలితే జమీందార్లు.
దలాలీ నూటికి మూడు.
(ఇది మా కొట్టునుంచే ఎత్తుకొచ్చాను.)

పిడుగు ఇసకని తాకినచోట గాజుపుట్టువులు పుడతారు.
తల్లీ తండ్రీ లేరు, ఇంటిపేరు లేదు.
సంబంధాలప్పుడు ఎవరూ ఏమీ అడగరు,
లోపలున్నది బయటికి కనిపిస్తూనే ఉంటుంది కదా.

మోతగాళ్లు. తిత్తుల్లో నీళ్లు మోస్తారు.
బలం పద్దెనిమిది, బుద్ధి ఆరు.
చరిత్ర అని రాసి, కింద ఖాళీ వదిలేశాను,
తర్వాత చూద్దాంలే అని.

ఆటకి ముగ్గురొచ్చారు.
"ముందు జాతి ఎంచుకోండి" అన్నాను.
"ఎంచుకోవచ్చా?" అన్నాడు తేమ మిషను కుర్రాడు వినీల్.
మా ఊళ్లో ఆ గడి ఎవరూ నింపక్కర్లేదు.
ఏ పేట అన్నప్పుడు సగం,
ఇంటిపేరు అన్నప్పుడు మిగతా సగం,
మనం కుర్చీ లాక్కునేలోపే నిండిపోయుంటుంది.
"ఇంటిపేరు లేనిది నాకు" అన్నాడు వెంటనే.
వాడి ప్రేమ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు.

తొడిమలు తీసే మస్తాన్‌బీ నీడగాళ్లని తీసుకుంది,
"ఒక్క పూటన్నా నీడ నాదనిపించుకోనీ" అని,
మంటపుట్టే వేళ్లని చల్లటి గ్లాసుకి ఆనించుకుని.

ముఠా మేస్త్రి ఏసురత్నం
చీటీని చేతులు చాపినంత దూరం పెట్టి చదివాడు.
"అమ్మాయ్, మోసేవోడికి బుద్ధి ఆరేనని ఎవురు జెప్పారు?"
ఆట రూలు బాబాయ్,
ఒకటి పెంచితే ఇంకోటి తగ్గించాలి.
"తగ్గించు. బుద్ధే ఎందుకు తగ్గించావు?"

ఫ్యాను తిరుగుతోంది. ఎవరికీ తుమ్ము రాలేదు.

ముప్పై ఏళ్లుగా టిక్కీ భుజానికెక్కితే చాలు, తూకం చెప్తాడు.
ఒక ఏడు మా కాటా రెండు కిలోలు తక్కువ చూపిస్తోందని
రైతు చెవిలో చెప్పాడు.
మూడు నెలలు పనిలోకి రానివ్వలేదు మా షావుకారు.
ఆ మూడు నెలల కూలి చిట్టాలో
అతని పేరుకెదురుగా సున్నాలు చుట్టింది నేనే.

"రాసుకో" అన్నాడు.
"మోతగాళ్లకి నీళ్లెక్కడున్నయ్యో తెలుసు.
తెలిసినట్టు కనపడనియ్యరు.
కనపడితే తెల్లారేసరికి బావి చుట్టూ గోడ లేస్తది.
తిత్తికో దోసెడు తక్కువ పోస్తారు, ఎప్పుడూ.
ఆ దోసెడు ఎటుబోతందంటావా?
పొద్దున్నే వల తడిగా ఎందుకుంటదో
గవ్వలోళ్లనడుగు."

వెనకవైపు చాల్లేదు.
చీటీ తిప్పి, తేజ రకం నలభై ఒక్క టిక్కీలు అన్న అంకెల సందుల్లో
మిగిలిన చరిత్ర ఇరికించాను.

జూన్‌లో యార్డు తెరిచారు. ఆట ఆగిపోయింది.
పాచిక ఏదో గోతాంలో పడి
ఏ ఊరి కారంలో కలిసిందో!
చీటీ మాత్రం గల్లాపెట్టెలో ఉంది.
అందులో ఆరు కొట్టేసి ఉంది, పక్కన ఖాళీ.
ఎంత వెయ్యమంటావు బాబాయ్ అంటే
భుజాన టిక్కీతో ఆగకుండా పోతూ అంటాడు,
"ఎత్తి చూసి చెప్తాలే."